శాంతమ్మను చూసుకునేది నేనే

నా భార్యను చూసుకునేది మా కోడలు అని రాసుకుపోయారు. అది తప్పు. చూసుకునేది నేను. పొద్దున లేపి పళ్లు తోమించేది నేను, నీళ్లు పోసేది నేను, తల దువ్వేది నేను, అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టేది నేను, పక్క తడిస్తే దుప్పట్లు ఉతికేది నేను. వాళ్ల లెక్కలో నా పేరు అసలే లేదని కాదు. ఇంటి యజమాని అని ఉంది. దాని పక్కన, చేసే పని అన్నచోట, ‘ఏమీ లేదు’ అని ఉంది.

ఈ లెక్క తీసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు. అన్నీ మరచిపోయే జబ్బు వచ్చిన ఇళ్లలో ఆ మనిషిని ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు, అందుకోసం ఏ పని మానుకున్నారు, అదే పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే ఎంత విలువ అవుతుంది, ఇవన్నీ తేల్చడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇల్లిల్లూ తిరిగిన పరిశోధన సంస్థ అది. ఆ ఉద్దేశాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఇంట్లో జీతం లేకుండా చేసే చాకిరీకి వెల కట్టాలన్న ఆలోచన వచ్చినవాళ్లకు దండం పెట్టాలి. కానీ వెల కట్టేముందు ఆ చాకిరీ చేస్తున్నది ఎవరో చూడాలి కదా. చూడలేదు. గండం గడిచింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఇదే జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుములుతున్నవాళ్లకు ఇది పనికొస్తే అంతే చాలు.

నా పేరు దావీదు. మాది కోదాడ. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీలు నడిపి బతికాను. బడికి వెళ్లింది తక్కువ. లోడు కోసం ఫ్యాక్టరీ బయట లారీలు వరస కడితే ఒక్కోసారి రోజులు గడిచేవి. మిగతా డ్రైవర్లు పేకాడేవారు. నేను దొరికిన కాగితమల్లా చదివేవాణ్ణి. పేపర్లు, పుస్తకాలు, మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే చీటీలు కూడా. అట్లా అబ్బిన చదువు నాది. ఎవరు ఏ ఏడు ఏ మాట అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంటుంది. దానివల్ల దోస్తుల కంటే పగవాళ్లే ఎక్కువయ్యారు. అలాంటి నా ఇంట్లోకి ఈ జబ్బు వచ్చింది, నా భార్య శాంతమ్మకు.

కరోనా సద్దుమణిగిన ఏడు, ఎండాకాలం

మొదట తెలిసింది మాకు కాదు, మా వీధి చివరి ఇంటివాళ్లకు. ఆదివారం చర్చి నుంచి ఒక్కతే నడిచి వస్తూ శాంతమ్మ వాళ్లింట్లోకి వెళ్లి, గడప దగ్గర చెప్పులు విప్పి, సోఫాలో కూర్చుని ఫ్యాను వేయించుకుంది. వాళ్లు మర్యాదకు టీ ఇచ్చారు. టీ తాగి, ‘పొద్దుపోయింది, ఇగ మీరు మీ ఇంటికి పోండ్రి, మా ఆయనొచ్చే యాళ్లయింది’ అని ఆ ఇంటివాళ్లనే పొమ్మంది. ఆ ఇల్లాలు నవ్వుకుంటూ వచ్చి మాకు చెప్పింది. మేమూ నవ్వాం. పెద్దతనం అనుకున్నాం.

తర్వాత వంటింట్లో తేడా వచ్చింది. కడిగిన బియ్యాన్ని కుక్కరులో పోయకుండా ఫ్రిజ్‌లో పెట్టేది. చర్చిలో ముందుగా పాట అందుకునే మనిషి, మొదటి చరణం అయిపోగానే మళ్లీ మొదటి చరణమే ఎత్తుకునేది. సంఘమంతా ఆమె మీద గౌరవంతో ఆమె వెంటే మళ్లీ పాడేవారు. మా కొడుకు ప్రభాకర్ మిర్యాలగూడలో రైసు మిల్లు సూపర్‌వైజరు. వారమంతా అక్కడే ఉండి ఆదివారాలకు ఇంటికి వస్తాడు. ఒక ఆదివారం ఆ పాట విన్నాడు. ఇంటికి వచ్చాక, అమ్మను దవాఖానకు తీసుకపోదాం నాయినా అన్నాడు.

సూర్యాపేటలో మెదడు డాక్టరు దగ్గర కూర్చున్న హాలు నాకు బాగా గుర్తు. అక్కడ రోగి ఎవరో, తోడు వచ్చింది ఎవరో చూడగానే చెప్పలేం. చాలాసార్లు తోడు వచ్చిన మనిషే ఎక్కువ నలిగిపోయి ఉంటాడు. శాంతమ్మ కుర్చీలో నిలవదు. లేచి తలుపు దగ్గరకు పోతుంది, నేను పట్టుకొస్తాను, మళ్లీ పోతుంది. మా ముందు నంబరు హాలియా నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒక రైతుది. తెల్లారకముందే బయల్దేరి వచ్చిన మనిషి. మా అవస్థ చూసి, మీరు పోండి పెద్దయ్యా, మా నాయిన నిద్రపోయిండు, ఇప్పుడు లేపను అన్నాడు. వాళ్ల నాన్న నిద్రపోలేదు. కళ్లు తెరుచుకుని కొడుకును చూస్తున్నాడు. ఆ రైతు ఊరు తెలిసింది కానీ పేరు అడగలేదు. నా జ్ఞాపకంలో ఆ ఒక్క లోటు ఉండిపోయింది.

డాక్టరు దాచకుండా చెప్పాడు. పోయిన గుర్తు తిరిగి రాదు, మందులతో కొంత నెమ్మదిస్తుంది, ఇంట్లోవాళ్ల తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. చివరగా, ఆమె ఏమన్నా వాదించకండి అన్నాడు. నాకు ఇంతవరకు రాసిన మందుచీటీల్లో అంత చేదు మందు ఇంకోటి లేదు.

ఆ మరుసటి వానలు

ఇది అన్నిటికంటే గడ్డు కాలం. శాంతమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసింది. ఆమె లెక్కలో మొగుడు వయసులో ఉన్నాడు, లోడు మీద వెళ్లాడు. ఇంట్లో తిరుగుతున్న ఈ ముసలివాడు ఎవరో ఆమెకు తెలియదు.

‘ఎవరు నువ్వు? మా ఆయన లేనప్పుడు ఇంట్లకెందుకొస్తవ్?’ అని నిలదీసేది.

‘నేనే శాంతా, దావీదును.’

‘ఆయన నల్లగ, పొడుగ్గుంటడు. నువ్వు ముసలోనివి. ఆయనొచ్చినంక వచ్చి మాట్లాడు.’

ప్రతి పూటా ఒక కంచంలో అన్నం పెట్టి పైన మూత వేసి పక్కన ఉంచేది. అది లారీ మీద వెళ్లినవాడిది. నేను ముట్టుకుంటే చేతిమీద కొట్టేది. ఆకలైతే హోటలుకు పొమ్మనేది. నేను లోడు మీద ఉన్న రోజుల్లో ఆమె పూటపూటా అట్లా కంచం మూసిపెట్టేదని నాకు ఆ వానాకాలంలో తెలిసింది. ఆ వయసు దావీదు మీద నాకు అసూయ పుట్టిందంటే నమ్మండి. వాడికి అన్నం, నాకు దెబ్బలు.

దెబ్బలు నిజం దెబ్బలే. నీళ్లు పోయబోతే గోళ్లతో రక్కేది. ఎవడో పరాయివాడు మీద చెయ్యి వేస్తున్నాడన్న భయం ఆమె కళ్లలో కనబడేది. కొట్టినందుకు నాకు నొప్పి లేదు. ఆమె భయపడింది నన్ను చూసి కదా, అదే తట్టుకోలేకపోయాను.

సందెవేళ అయితే హైవే మీదకు బయల్దేరేది, లారీ వస్తుందని. హైవే మా ఇంటికి దగ్గర. ఒక సాయంత్రం నేను పొయ్యి మీద పాలు చూసి వచ్చేలోపు గేటు తీసుకుని వెళ్లిపోయింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఒక లారీ రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగి ఉంది, టైర్ల వాసన ముక్కులకు కొడుతోంది. నేను ఆ బండ్లు నడిపినవాణ్ణి. అట్లా ఆపాలంటే డ్రైవరు గుండె ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో నాకు తెలుసు. అయినా అతను ఒక్క మాట తిట్టలేదు. ఆమెను చెయ్యి పట్టుకుని టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, ‘లారీ మెల్లగ వస్తదమ్మా, జర టీ తాగు’ అంటున్నాడు.

ఆ ఆదివారం ప్రభాకర్ గేటుకు తాళం కొనుక్కొచ్చాడు. నా భార్యను గొడ్డు లెక్క కట్టెయ్యమంటావా అని లేచాను. వాడు గొంతు పెంచలేదు.

‘కట్టెయ్యమంటలేను నాయినా. నువ్వు నిద్రపోక ఎన్ని రోజులైంది? నువ్వు పడిపోతే మిమ్మల్నిద్దర్ని ఎవరు సూడాలె?’

అప్పటికే ఒకసారి బాత్రూములో కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. తాళం వేశాం.

ఇక మా కోడలు రాణి గురించి చెప్పాలి. ప్రైవేటు బడిలో టీచరు. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తుంది, వచ్చి వంట చేస్తుంది. ఉద్యోగం మానేసి అత్తయ్యను చూసుకుంటానని తనే అంది. నేనే వద్దన్నాను. లారీ బతుకులో వంట, ఉతుకుడు నాకు అలవాటే. క్లీనరుతో పాటు రోడ్డు పక్కన స్టవ్వు పెట్టి వండుకున్నవాణ్ణి. పనికి నాకు సిగ్గు లేదు. సిగ్గు చూసేవాళ్లతో వచ్చింది.

శాంతమ్మ తమ్ముడు యోహాను హాలియా నుంచి అక్కను చూడటానికి వచ్చాడు. ఆ సమయానికి నేను పెరట్లో ఆమె లంగాలు ఉతుకుతున్నాను. వాడు తలుపు దగ్గరే నిలబడి, ‘ఏంది బావా, లారీ అమ్మి లాండ్రీ పెట్టినవా?’ అన్నాడు. అని ఊరుకోకుండా హాలియా వెళ్లి బంధువులందరికీ చెప్పాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు, దానంతట అదే వచ్చింది. గేటు చప్పుడైతే చాలు, రాణి ఇంట్లో ఉంటే నా చేతిలోని దువ్వెన తన చేతిలోకి పోతుంది. నేను వరండా కుర్చీలోకి, పేపరు నా చేతిలోకి. రాణి లేని వేళ గేటు చప్పుడైతే చీపురు తలుపు వెనక్కి తోసి, శాంతమ్మ పక్కన ఊరికే కూర్చున్నట్టు కూర్చునేవాణ్ణి. చర్చి ఆడవాళ్లు వచ్చి, కోడలు ఎంత బాగా చూసుకుంటోంది అని మెచ్చుకుని వెళ్లేవారు. రాణి తల వంచుకునేది.

చలికాలం

పరిశోధన వాళ్లు వచ్చింది రెండో శనివారం, బడికి సెలవు రోజు. చేతిలో ట్యాబులు పట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు. గేటు చప్పుడు అయ్యేసరికి నేను పెరట్లో సబ్బు నురగలో మోచేతులదాకా మునిగి దుప్పట్లు ఉతుకుతున్నాను. చర్చివాళ్లు కాబోలనుకుని బయటకు రాలేదు, చప్పుడు కూడా చేయలేదు. మామయ్య బజారుకు వెళ్లారని రాణి చెప్పింది. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అడిగిన ప్రతిదానికీ నేనే చూసుకుంటాను అని జవాబిచ్చింది. వాళ్లు రాసుకుని వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక రాణి చెప్పిన కబురు విని నా ప్రాణం లేచివచ్చింది. ఆ సంస్థ సూర్యాపేటలో ఇలాంటి జబ్బు మనుషుల కోసం పగటి కేంద్రం పెడుతోందట. వారంలో కొన్ని రోజులు పొద్దున వ్యానులో తీసుకెళ్లి, పాటలు పాడించి, నడిపించి, భోజనం పెట్టి సాయంత్రం దించుతారు. ఇంట్లో చూసుకునేవాళ్లకు ఎట్లా చూసుకోవాలో నేర్పిస్తారు. సీట్లు కొన్నే. లెక్క తీసిన ఇళ్లలో ఎవరికి ఎక్కువ అవసరమో చూసి ఇస్తారు. మాకంటే అవసరం ఎవరికుంటుంది అనుకున్నాను. వారంలో ఒక్క రోజు పగలు నిద్రపోగలిగితే నేను మిగతా రోజులు నిలబడగలను. అంతకుమించి నేను కోరింది లేదు.

సీటు రాలేదు. శాంతమ్మను వెంటబెట్టుకుని మిర్యాలగూడలో వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. బస్సులో ఆమె దారంతా కండక్టరును మా ఆయన లారీ కనబడిందా అని అడిగింది. అతను ప్రతిసారీ ఇప్పటిదాకా చూడలేదమ్మా, వెనక వస్తుండొచ్చు అన్నాడు, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నతను మా పేర్లు వెతికి చూశాడు.

‘మీ ఇంట్ల చూసుకునే కోడలున్నది తాతా. చదువుకున్నది, వయసుల ఉన్నది. ఎవరూ లేనోళ్లకు ముందు ఇస్తం.’

నా పేరు ఎదురుగా ఏముంది అని అడిగాను. అతను తెర నావైపు తిప్పాడు. ఈ రాత మొదట్లో చెప్పింది అక్కడ చదివిందే.

సాయంత్రం రాణి బడి నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. వచ్చీరాగానే అడిగాను, ఎందుకట్లా చెప్పావని. ఆ పిల్ల నాకు ఎదురు మాట్లాడటం అదే మొదలు.

‘మరేం చెప్పాలె మామయ్యా? మా మామ మా అత్తకు లంగాలు ఉతుకుతడని చెప్పాల్నా? రేపు మీరు బజార్ల తలెత్తుకుని తిరగొద్దా? గేటు చప్పుడైతే పేపరు పట్టుకునేది మీరే గదా.’

‘పేపరు పట్టుకునేది చదవడానికి’ అన్నాను.

రాణి నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. చెయ్యని పనికి మెప్పు మోయలేక చస్తున్నాను మామయ్యా, చర్చిలో అందరూ నన్ను పొగుడుతుంటే భూమిలోకి పోవాలనిపిస్తోంది అని చెప్పింది. ఆ రాత్రే ఆఫీసుకు ఫోను చేద్దామంది. నేనే పొద్దున్నదాకా ఆపాను.

ఫోనులో పని కాలేదు. సీటు రానివాళ్లందరూ ఇప్పుడు జవాబులు మార్చుకుంటున్నారు, నమ్మేదెట్లా అన్నారు. మిర్యాలగూడలో కుటుంబాల సమావేశం ఉంది, పైనుంచి మేడం వస్తారు, ఏమున్నా అక్కడ చెప్పుకోండి అన్నారు. నేను చెప్పుకుంటానన్నాను. ప్రభాకర్‌కు గుబులు పట్టుకుంది. నాయినా, ఇంట్ల ఈ జబ్బున్న మా మిల్లు వాళ్లు కూడా అక్కడికి వస్తరు అన్నాడు. రానీ అన్నాను.

ఎండలు ముదరకముందు

సమావేశం ఒక ఫంక్షన్ హాలులో. ముందు వరసల్లో ఆడవాళ్లు, కోడళ్లు, కూతుళ్లు, వాళ్ల పక్కన జబ్బు మనుషులు. మగవాళ్లందరూ వెనక, తలుపుల దగ్గర, భుజాన తువ్వాళ్లతో, ఆటో మాట్లాడటానికి వచ్చినవాళ్ల మాదిరి నిలబడి ఉన్నారు. నేను శాంతమ్మ చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. పైనుంచి వచ్చిన మేడం పేరు నిర్మల. నడివయసు మనిషి, మాటలో తొందర లేదు. నేను లేచి జరిగింది మొత్తం చెప్పాను. రాణి లేచి, నేను చెప్పింది అబద్ధం మేడం అంది. వెనక ఎవరో, సీటు కోసం కతలు పడుతున్నరు అన్నారు.

మేడం మా ఇద్దరినీ చూసింది. తర్వాత రాణిని అడిగింది.

‘మీ అత్తయ్యకు జాకెట్టు తొడిగేటప్పుడు ఏ చెయ్యి ముందు ఎక్కించాలి?’

‘ఏ చెయ్యయితే ఏంది మేడం’ అంది రాణి.

ఆడవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. మేడం నావైపు తిరిగింది. అడగలేదు, చూసింది అంతే. అంతమంది ముందు, తలుపు దగ్గర నా కొడుకు మిల్లు దోస్తులతో నిలబడి ఉండగా, నా భార్య జాకెట్టు గురించి నేను చెప్పాలి. పక్కన శాంతమ్మ నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ఇప్పుడు నోరు మూసుకుంటే పోయేది నా పరువు కాదు, ఆమె సీటు.

‘ఎడమ చెయ్యి’ అన్నాను. ‘ఆమె ఎడమ భుజం పైకి లేవదు. మంచి చెయ్యి ముందు తొడిగితే రెండోది వెనక్కి మడవాల్సి వస్తది, నొప్పికి నన్ను కొడతది. ఎడమ చెయ్యి కిందికి ఎట్లున్నదో అట్లనే ఉంచి, రైక భుజం దాక పైకి లాగి, అప్పుడు కుడిది. విప్పేటప్పుడు కుడిది ముందు.’

ఎవరూ నవ్వలేదు. వెనక తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

‘మా ఆమెకు కుడి చెయ్యి.’

అందరం తిరిగి చూశాం. మెడలో తువ్వాల వేసుకున్న బక్కపలుచని ముసలాయన. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అన్నట్టు ఆయనే బిత్తరపోయి ఉన్నాడు. పక్షవాతం వచ్చిన చెయ్యి అది, దానికే ముందు తొడగాలె అని మెల్లగా చెప్పాడు. ముందు వరసలో ఆయన కూతురు తల దించుకుంది. ఆ పక్కన ఇంకొకాయన, సర్కారు కొలువు చేసి దిగినట్టు ఉన్నాడు, ఇస్త్రీ బట్టలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

‘మేం జాకెట్లు ఖతం చేసినం మేడం. నా షర్టులే తొడుగుత. గుండీలు ముందటుంటయి, ఈజీ అయితది.’

అప్పుడు హాలు నవ్వింది. అందరికంటే ముందు ఆయన పక్కనున్న కోడలే నవ్వింది. రాణి అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఎగతాళి నవ్వు కాదు. ఎగతాళి నవ్వు ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత మగవాళ్లు కుర్చీలు లాక్కుని ముందుకు వచ్చారు. మెడలో తువ్వాల ఆయన నా పక్కన కూర్చుని, నీళ్లు పోసేటప్పుడు కొడుతుందా అని అడిగాడు. కొడుతుందన్నాను. తలమీద ముందు పొయ్యకు, కాళ్ల మీద పోసి మెల్లగ పైకి రా, చెంబు ఆమె చేతికే ఇయ్యి అన్నాడు. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని మాట. మరునాడే చేసి చూశాను. శాంతమ్మ తన కాళ్ల మీద తనే నీళ్లు పోసుకుంటూ పాట ఎత్తుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో స్నానం యుద్ధం కాదు.

ప్రభాకర్ తలుపు దగ్గర నుంచి ఎప్పుడు వచ్చాడో తెలియదు. సభ అయిపోయాక చూస్తే వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పుల బకిల్సు పెడుతున్నాడు. మిల్లు వాళ్లు చూస్తూనే ఉన్నారు.

మేడం మా సీటు సంగతి తను చూస్తానంది. నేను నా ఒక్కడి సంగతి చూస్తే చాలదన్నాను. ఈ హాలులోనే ఇంతమందిమి తలుపుల దగ్గర నిలబడి ఉంటే, ఇక మీ లెక్క మొత్తం ఎట్లా నిజమవుతుంది అని అడిగాను. అది తన చేతిలో లేదు, పరిశోధన పెద్దలకు రాయండి అంది. నాకు రాయడం ఒక లెక్కా. రాశాను. సెలవురోజు వచ్చి, వరండాలో కూర్చుని, టీ ఇచ్చిన ఆడమనిషిని అడిగి వెళ్లిపోతే మీకు మర్యాద దొరుకుతుంది, నిజం దొరకదు అని రాశాను. పనిదినాన రండి, పెరట్లోకి రండి, చేతులు తడిగా ఉన్నది ఎవరికో చూడండి అని రాశాను. నా కోడలిని తప్పుపట్టవద్దని కూడా రాశాను.

ఇప్పుడు

సీటు వచ్చింది. వ్యాను వచ్చి హారన్ కొడితే శాంతమ్మ చీర సర్దుకుని నాకంటే ముందే గేటు దగ్గర ఉంటుంది. అక్కడ పాటలకు ఆమే మొదలు. ఒకటే చరణం అయినా సరే, అందరి చేతా పాడిస్తుందట. సాయంత్రం అలసిపోయి వస్తుంది, తిని పడుకుంటుంది. సందెవేళ హైవే మాటే ఎత్తడం లేదు. అప్పట్లో కళ్లు తిరిగేలా చేసిన నా బీపీ కూడా దిగింది. ఆమె లేని ఆ పగళ్లు మొదట్లో ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరిగాను. ఇప్పుడు పడుకుంటున్నాను.

జబ్బు పోలేదు. పోదు. నేను భర్తనని ఆమెకు గుర్తు రాలేదు. కానీ ఇప్పుడు నన్ను చూసి భయపడటం లేదు, కొట్టడం లేదు. ఎవరైనా ఇంటికి వస్తే నన్ను చూపించి, ‘ఈయన మా ఆయన దోస్తు, మంచోడు’ అని పరిచయం చేస్తుంది. ఆమె చేత ఆ మాట అనిపించుకోవడానికి నాకు పెళ్లయి ఇన్నేళ్లు పట్టింది.

గేటు చప్పుడు కట్టుబాటు కూడా పోయింది. మొన్న యోహాను మళ్లీ వచ్చాడు. నేను శాంతమ్మకు జడ వేస్తున్నాను. లేవలేదు. వాడు తన అలవాటు మాట మొదలుపెట్టబోతే, ‘ఆ రిబ్బను జర పట్టుకో’ అని చేతికిచ్చాను. జడ అయ్యేదాకా పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు, వాళ్ల పక్కింటాయన భార్యకు కూడా ఇట్లాగే ఉంది, ఆ డాక్టరు ఎక్కడుంటాడు బావా అని అడిగాడు.

ఇలాంటి ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేస్తున్న పనిని దాచకండి. దాస్తే దానికి సాయం రాదు.

పరిశోధన పెద్దలకు నేను రాసినదానికి జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. రాదేమోనని ఇంకోటి రాయడం మొదలుపెట్టాను కూడా. వచ్చిందాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను.

‘దావీదు గారికి నమస్కారం. మీరు రాసింది మా బృందమంతా కూర్చుని చదివాం. మీరు చెప్పినట్టే ఇళ్లకు మళ్లీ వెళ్లాం. ఈసారి పనిదినాల్లో వెళ్లాం, ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగాం. మూడు పట్టణాల్లోనూ జవాబులు మారాయి. భార్యను, తల్లిని చూసుకుంటున్న మగవాళ్లు మేము అనుకున్నదానికంటే ఎక్కువమంది కనబడ్డారు. కోడలి పేరు ఉన్న ఒక ఇంట్లో అసలు చూసుకుంటున్నది పక్కింటావిడ. మా మొదటి లెక్క తప్పు. దాన్ని పక్కన పెట్టి మళ్లీ కడుతున్నాం. మీ ఇంటి వివరాలు సరిదిద్దాం. చూసుకునే మనిషి అన్నచోట మీ పేరు రాశాం. మీరు చేసే పని అన్నచోట భార్యను చూసుకోవడం అని, ఎంతసేపు అన్నచోట రోజంతా అని రాశాం. సెలవులు అన్నచోట, ఈ మధ్యే మొదలయ్యాయి అని రాశాం.’